వినిపించే కరెంటు

గోస్ట్ నైఫ్ పేరుతో అక్వేరియం షాపుల్లో అమ్మే నల్లటి చేప రాత్రీ పగలూ ఆపకుండా కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది, సెకనుకు సుమారు వెయ్యిసార్లు. అది చాలా బలహీనం, నీళ్లలో చెయ్యి పెట్టినా తెలియదు. వినాలంటే మాత్రం రెండు తీగలు చాలు. ఒకటి తలవైపు, ఒకటి తోకవైపు నీళ్లలో ఉంచి ఆంప్లిఫయరుకీ, దాన్ని స్పీకరుకీ కలిపితే ఏమాత్రం చెదరని సన్నటి శ్రుతి వినిపిస్తుంది.

చాన్నాళ్లుగా ఈ పని ఇష్టంగా చేస్తున్నాను. నేర్పంతా అక్కర్లేని చప్పుడు తీసెయ్యడంలోనే ఉంది. ఫిల్టరు మోటారు, హీటరు, గోడల్లోని వైరింగు కలిసి 50 హెర్ట్జుల గురగురతో చేప గొంతును మింగేస్తాయి. అందుకే వినేటప్పుడు మోటారు ఆపేస్తాను, ఆంప్లిఫయరును బ్యాటరీ మీదే నడుపుతాను. రాగి తీగ వాడకూడదు, చేపలకు విషం. స్టీలు తీగ మేలు. నీళ్లు చల్లబడితే శ్రుతి దిగుతుంది, వేడెక్కితే పైకెక్కుతుంది.

ఇంత కష్టపడి పుట్టించిన కరెంటుతో చేపకు పనేమిటి? కరెంటు చేప అనగానే మనకు షాకే గుర్తొస్తుంది. 1859లో డార్విన్‌ను ఇబ్బంది పెట్టిందీ అదే. షాకు కొట్టే అవయవం ఒక్కసారిగా ఏర్పడదు, మెల్లగా ఏర్పడాలి. మరి షాకు కొట్టలేనంత బలహీనంగా ఉన్న దశలో అది చేపకు ఏ విధంగా పనికొచ్చింది? తన సిద్ధాంతానికి ఇదొక ప్రత్యేకమైన చిక్కని ఆయన దాచకుండా రాశాడు.

జవాబు దొరకడానికి తొంభై ఏళ్లకు పైగా పట్టింది. ఆఫ్రికా నదుల్లో ఉండే జిమ్నార్కస్ అనే చేప వెనక్కి ఈదుతూ కూడా దేన్నీ తాకకుండా వెళ్లడం కేంబ్రిడ్జి జంతుశాస్త్రజ్ఞుడు హాన్స్ లిస్‌మన్ గమనించాడు. నీళ్లలో ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే దాని తోక నుంచి ఎడతెగని సంకేతాలు వస్తున్నాయి. 1951లో ఆ సంగతి ప్రకటించాడు. తర్వాత కెన్నెత్ మాచిన్‌తో కలిసి చేసిన పరీక్షంటే నాకెంతో గౌరవం. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు మట్టిపాత్రలు తీసుకున్నారు. నీళ్లు ఇంకే రకం కాబట్టి కరెంటు వాటి గోడల్లోంచి పోగలదు. లోపల ఉన్నది మామూలు నీళ్లా, గాజుకడ్డీయా అన్నది పాత్రను తెరవకుండానే చేప పసిగట్టింది! తన చుట్టూ అల్లుకున్న విద్యుత్ క్షేత్రాన్ని ఏ వస్తువు ఎక్కడ వంచుతోందో చర్మం మీది గ్రాహకాలతో చదువుకుంటుంది. బురదనీటిలో, చీకట్లో అదే దానికి చూపు. డార్విన్ వెతికిన మధ్యదశ ప్రయోజనం ఇదే కావచ్చు.

చాలా చేపల్లో కరెంటు పుట్టించేవి రూపుమారిన కండర కణాలు. మన కండరంలాగే నాడి ఆజ్ఞ అందగానే సోడియం లోపలికి దూసుకొస్తుంది, కానీ కణం ముడుచుకోదు. గోస్ట్ నైఫ్‌లో పెద్దయ్యాక ఆ పని నాడీకణాలే చేస్తాయి, అంత వేగం అందుకే. అమెజాన్ ప్రాంతపు ఎలక్ట్రిక్ ఈల్‌లో ఒక్కో కణం ఇచ్చేది వోల్టులో పదోవంతే, కానీ టార్చిలో బ్యాటరీల్లా వేలకొద్దీ కణాలు వరసగా పేర్చి ఉంటాయి. 2019లో కొత్త జాతిగా గుర్తించిన ఒక ఈల్‌లో 860 వోల్టులు కొలిచారు. మంచినీటిలో కరెంటు సులువుగా పారదు, కాబట్టి అంత వోల్టేజీ కావాలి. ఉప్పునీటిలో అక్కర్లేదు. సముద్రపు తిమ్మిరి చేపల్లాంటివి తక్కువ వోల్టులతోనే నెగ్గుకొస్తాయి.

అంతటి ఈల్ కూడా దారి వెతుక్కునేది సుమారు పది వోల్టుల చిన్న స్పందనలతోనే. దాని దగ్గరి చుట్టాలన్నీ గోస్ట్ నైఫ్‌లా బలహీన కరెంటు చేపలే. అందుకే పాఠాలు షాకుతో మొదలుపెట్టడం నాకు నచ్చదు. జంతుశాస్త్రం చెప్పే ప్రతి కాలేజీ ల్యాబులో ఒక గోస్ట్ నైఫ్‌నూ, రెండు స్టీలు తీగల్నీ, ఒక స్పీకరునూ పెట్టి, పుస్తకం తెరవకముందే పిల్లలకు ఆ శ్రుతి వినిపించాలి.