మాయాబజారు వెన్నెల

మాయాబజారు చిత్రమును గూర్చి మన సాహిత్య విమర్శకులు చెప్పినది చాలవరకు పింగళి నాగేంద్రరావుగారి మాటలను గూర్చియే. అది న్యాయమే గాని చాలదు. 1957లో వెలువడిన ఆ చిత్రమున మాటకు లొంగని కవిత్వమొకటి కలదు. దాని కర్త ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ.

నౌకావిహార గీతమును చూడుడు. నలుపు తెలుపుల చిత్రమున వెన్నెలకు వేరు రంగు లేదు. నీడల లోతును బట్టియే అది తెలియవలెను. వెలుతురు హెచ్చినచో పగలగును. తగ్గినచో ముఖములు కనబడవు. ఈ రెంటి నడుమ నీటిపై తళుకును, ముఖములపై మెత్తని కాంతిని బార్‌ట్లీ నిలిపినాడు. పడవలో మొదట శశిరేఖాభిమన్యులు, పిదప రుక్మిణీకృష్ణులు. పాట యొక్కటే; అభిమన్యునకును కృష్ణునకును వినబడు గొంతు ఘంటసాలదే. అయినను ఆ రెండు జంటల శృంగారము ఒక్కటిగా తోచదు. భేదము శబ్దమున లేదు. చిత్రణమునను, కూర్పునను ఉన్నది. ఒకే పల్లవి క్రింద జంటను మార్చుట కూర్పరి పలికిన శ్లేష యని మేము భావించుచున్నాము. (ఆలంకారికులు మన్నింతురు గాక!)

2010లో ఈ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. క్రొత్త ప్రేక్షకులకు అది దారి చూపిన మాట నిజమే. కాని నీడలు చెప్పినదానినే రంగు మరల చెప్పుచున్నది. కావ్యమున దోషమైన పునరుక్తి ఇచ్చట గుణమెట్లగును? పరిశోధకులు నలుపు తెలుపుల ప్రతినే మూలముగా గైకొని, రంగుల ప్రతిని పాఠాంతరముగా మాత్రమే పేర్కొనవలెను. తాళపత్రముల విషయమున మనము పాటించు పద్ధతి యిదియే.