అందరికీ దొరకని పిల్లి

పిల్లిని పెంచుకోవటం మనకేం కొత్తకాదు. పాలగిన్నెమీద మూతా, మూతమీద బరువూ పెట్టుకుని మరీ పెంచుకుంటాం. కాని పాలు తాగని, ఒళ్ళో పడుకోని, కంప్యూటరు తెరమీద తప్ప మరెక్కడా లేని పిల్లిని లక్ష డాలర్లకు పైచిలుకు పోసి కొన్నారంటే ఏమంటారు? 2017 డిసెంబరులో నిజంగా జరిగిందిది. ఆ ఆట పేరు క్రిప్టోకిట్టీస్. కెనడాలో వాంకూవరు కంపెనీ ఒకటి తయారుచేసి, ఆ నవంబరులోనే లోకంమీదికి వదిలింది.

ముందు ఆటను ఆటగానే చూద్దాం. బొమ్మలు ముచ్చటగా ఉంటాయి. గుండ్రటి కళ్ళు, రకరకాల రంగులు, చారలు. ప్రతి పిల్లికీ తనదైన జాతకం ఉంటుంది. రెండింటిని జతచేస్తే తల్లి పోలికో, తండ్రి పోలికో, ఇద్దరిదీ కానిదో పుడుతుంది. ఆ జాతకాలు కలిసే సూత్రాన్ని కంపెనీ రహస్యంగా ఉంచింది. పుట్టబోయేది ఎలా ఉంటుందోనన్న ఆ కుతూహలం అచ్చం పురిటిగది గుమ్మం ముందరిదే! ఈ ఊహ ఎవరిదోగాని మెచ్చుకోవాలి. నవలలు రాసుకునేదాన్ని, లేనివాటిమీద మమకారం పెంచుకోవటాన్ని నేనెలా వెక్కిరిస్తాను?

నా పేచీ అల్లా అమ్మిన పద్ధతితోనే. మొదటితరం పిల్లులు 50,000కు మించకూడదని నియమం. 15 నిమిషాలకొకటి అమ్మకానికి వచ్చేది. అంతకుముందు అమ్ముడైన 5 పిల్లుల సగటు ధరకు మరో సగం కలిపి మొదలుపెడితే, అక్కణ్ణించి ధర కొంచెంకొంచెంగా దిగుతూ ఉండేది. ఇంకాస్త ఆగుదామంటే ఎవరైనా ఎగరేసుకుపోతారేమో! ఇప్పుడే కొందామంటే అరగంటలో చవగ్గా వచ్చేదేమో! ఆషాఢం తగ్గింపు అమ్మకాల్లో చీర చెంగు వదలకుండా నిలబడ్డవాళ్ళకు ఈ గుండెదడ తెలుసు. కాకపోతే బట్టలకొట్టు రాత్రికి తలుపులేస్తుంది. ఈ కొట్టుకు తలుపుల్లేవు.

పైగా వరస సంగతి ఒకటి. ఈ బేరాలు నడిచేది ఇథీరియం అనే ఉమ్మడి పద్దులో. అక్కడ రుసుము ఎక్కువ ఇచ్చినవాళ్ళ పని ముందు జరుగుతుంది. ఆ డిసెంబరులో జనం పిల్లులకోసం ఎగబడేసరికి పద్దంతా కిక్కిరిసి, వాటితో సంబంధంలేని లావాదేవీలకు కూడా ఆలస్యం తప్పలేదు. ఒకే పిల్లికి ఇద్దరు చెయ్యి చాపితే, వెనకబడ్డవాళ్ళకు పిల్లీ దక్కదు, రుసుమూ తిరిగిరాదు. నియమం అందరికీ ఒకటేగదా అంటారు. నిజమే. చౌకడిపో ముందు, ఎక్కువ డబ్బిచ్చినవాళ్ళు ముందుకు రావచ్చునని బోర్డు కట్టినా నియమం అందరికీ ఒకటే. అంతమాత్రాన అది న్యాయమవుతుందా?

మామిడిపళ్ళు వేసవి దాటితే దొరకవు. ఆ కొరత చెట్టు పెట్టింది, మనం సర్దుకుంటాం. తెరమీద బొమ్మను ఎందరికైనా గీసి ఇవ్వొచ్చు. దానికి కొరత పెట్టింది మనిషి, అదీ బుద్ధిపూర్వకంగా.

కథను పట్టుమీద ఆపి, వారంరోజులు మిమ్మల్ని ఆరాటపెట్టే విద్య సీరియల్ రాసేవాళ్ళకూ తెలుసు సుమండీ! కాని ఆ ముడి అందరికీ ఒకే రోజున, ఒకే వెలకు విడుతుంది. పక్కింటావిడ ముందు చదివేసిందని మీ పత్రికలో పేజీ తగ్గదు. ఇద్దరూ చదివితేనే పిట్టగోడ దగ్గర కబుర్లు కూడా. ఈ పిల్లికి ఆ సుగుణం లేదు. దాని అందం సగం దానిలోనే ఉంది. తక్కిన సగం పక్కవాళ్ళ దగ్గర లేకపోవటంలో ఉంది. ఆ రెండో సగం నిలిచేది కాదు. ఆడేవాళ్ళే పిల్లల్ని పుట్టించుకుంటూపోతే పిల్లులు లక్షలకొద్దీ అయ్యాయి. 2018లో ఆట జోరు తగ్గింది. మామూలు పిల్లుల్ని, పాపం, అడిగే నాథుడు లేకపోయాడు.

ఇప్పుడు మన పిల్లలు ఫోన్లలో ఆడే ఆటల్లో కూడా ‘ఈ వారం మాత్రమే’ అంటూ చొక్కాలూ, కత్తులూ వస్తున్నాయి. డబ్బులడిగినప్పుడు కసిరి లాభంలేదు. ఒక్క ప్రశ్న వేసి చూడండి: “ఇది నీ స్నేహితులందరికీ దొరికినా నీకు కావాలా?” అవునని ఠక్కున అంటే, మీ స్తోమతునుబట్టి ముచ్చట తీర్చండి. తడుముకుంటే మాత్రం, ఆ వారం గడిచాక కూడా గుర్తుంటే మళ్ళీ అడగమనండి.