పెట్టుబడి ఆదాయంపై పన్ను – సమత్వ సూత్రం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పెట్టుబడి ఆదాయంపై భారతదేశంలో అమలవుతున్న పన్ను విధానాన్ని చెల్లింపు సామర్థ్య సూత్రం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆదాయం ఎంత అన్న ప్రశ్నకంటే అది ఏ రూపంలో వచ్చిందన్న ప్రశ్నకే చట్టం ఎక్కువ విలువ ఇస్తున్నదనీ, ఆ రూపాన్ని ఎంచుకునే వెసులుబాటు పై అంతస్తులవారికే ఉన్నందువల్ల సమత్వం దెబ్బతింటున్నదనీ ఇందులో వాదిస్తున్నాను. లెక్కలన్నీ 2025–26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానం ప్రకారం వేసినవి.

కీలకపదాలు: పెట్టుబడి ఆదాయం, మూలధన లాభాలు, చెల్లింపు సామర్థ్యం, సమత్వం, రిబేటు, ద్రవ్యోల్బణం.

ఉపోద్ఘాతం

ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకుడొకరు గ్రాట్యుటీ, భవిష్యనిధి సొమ్మును బ్యాంకులో డిపాజిట్ చేసి, ఆ వడ్డీతో కాలం గడుపుతున్నారనుకుందాం. అదే వీధిలో మరొకరు ఎప్పుడో కొన్న షేర్లలో ఏటా కొన్నింటిని అమ్ముకొని, వచ్చిన లాభంతో జీవిస్తున్నారు. ఇద్దరి ఆదాయమూ సమానమే. ఇద్దరిదీ పెట్టుబడి ఫలమే. ఈ సంవత్సరం శ్రమించి సంపాదించినది కాదు. అయినా ఇద్దరూ కట్టే పన్ను ఒకటి కాదు.

ప్రభుత్వ విత్తశాస్త్రం బోధించే ప్రతి తరగతిలోనూ ఆడమ్ స్మిత్ సమత్వ సూత్రంతోనే పన్నుల పాఠం మొదలవుతుంది. సమాన సామర్థ్యం గలవారు సమానంగా చెల్లించాలి. అధిక సామర్థ్యం గలవారు అధిక నిష్పత్తిలో చెల్లించాలి. మొదటిదాన్ని సమాంతర సమత్వమనీ, రెండవదాన్ని ఊర్ధ్వ సమత్వమనీ అంటున్నాం. పెట్టుబడి ఆదాయం విషయంలో మన చట్టం ఈ రెండింటినీ ఒకేసారి ఉల్లంఘిస్తున్నది. సాధారణంగా చర్చ రెండవదానికే, అంటే ధనికులు తక్కువ కడుతున్నారన్న ఫిర్యాదుకే పరిమితమవుతుంది. కింది అంతస్తులో జరుగుతున్నది అంతగా చర్చకు రావడం లేదు.

చట్టం నడిచిన దారి

మూలధన లాభాలపై పన్ను మన దేశంలో మొదట 1947లో, తాత్కాలిక ప్రభుత్వ ఆర్థిక సభ్యుడు లియాఖత్ అలీ ఖాన్ ప్రవేశపెట్టిన బడ్జెట్‌తో వచ్చింది. 1949లో రద్దయింది. 1956లో కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ భారత ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. కాల్డర్ దృష్టిలో మూలధన లాభాలను వదిలేసిన ఆదాయపు పన్ను మనిషి చెల్లింపు సామర్థ్యాన్ని కొలవలేదు. అందుకే ఆదాయం, మూలధన లాభం, సంపద, వ్యయం, బహుమతి అనే ఐదింటిపై పన్నులను ఒకదానికొకటి కాపలా కాసే వ్యవస్థగా ఆయన ప్రతిపాదించాడు. దానితోపాటే ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 45 శాతానికి తగ్గించమన్నాడని చాలామంది మరచిపోతారు.

ఆ వ్యవస్థలో నేడు మిగిలింది స్వల్పం. వ్యయ పన్ను 1960ల్లోనే పోయింది. 1953 నాటి ఎస్టేటు సుంకం 1985లోను, బహుమతి పన్ను 1998లోను, సంపద పన్ను 2015లోను రద్దయ్యాయి. 2004 అక్టోబరు నుండి 2018 మార్చి వరకు, ఏడాదికి పైగా ఉంచుకొని స్టాక్ ఎక్స్ఛేంజిలో అమ్మిన షేర్ల లాభంపై అసలు పన్నే లేదు. 2018లో లక్ష రూపాయలు దాటిన లాభంపై 10 శాతం విధించారు. 2024 జులై 23న అది 12.5 శాతానికి పెరిగింది. మినహాయింపు పరిమితి 1.25 లక్షలైంది. వడ్డీ మాత్రం ఈ కాలమంతటా శ్లాబుల ప్రకారమే పన్ను కడుతూ వచ్చింది.

అంకెలు చెప్పేది

వ్యక్తికి మరే ఆదాయమూ లేదనుకొని పోల్చి చూద్దాం. సంవత్సరానికి కోటి రూపాయల వడ్డీ వస్తే సర్‌ఛార్జి, సెస్సుతో కలిపి పన్ను 29.5 లక్షలు. అదే కోటి రూపాయలు షేర్ల దీర్ఘకాలిక లాభమైతే 13.5 లక్షలు, సగానికన్నా తక్కువ. ఆదాయం 30 లక్షలైతే వడ్డీపై 4,99,200, లాభంపై 3,21,750 రూపాయలు. వ్యత్యాసం ఉంది గాని తగ్గింది. ఇక 12 లక్షల వద్ద చూడండి. వడ్డీపై పన్ను సున్న, ఎందుకంటే 60 వేల రూపాయల రిబేటు దాన్ని పూర్తిగా కొట్టివేస్తుంది. షేర్ల లాభంపై 87,750 రూపాయలు! ప్రత్యేక రేటు వర్తించే ఆదాయానికి ఈ రిబేటు లేదని 2025 బడ్జెట్ స్పష్టం చేసింది.

కేవలం షేర్ల లాభంతో 12 లక్షలు గడించే చిన్న మదుపరి అరుదే. అందుకని మరింత వాస్తవమైన ఉదాహరణ తీసుకుందాం. ప్రామాణిక తగ్గింపు పోను 9 లక్షల జీతం గల ఉద్యోగికి డిపాజిట్లపై 3 లక్షల వడ్డీ వస్తే పన్ను ఉండదు. కూతురి చదువుకోసం ఏళ్ల తరబడి దాచిన మ్యూచువల్ ఫండ్ యూనిట్లను అమ్మగా 3 లక్షల లాభం వస్తే 22,750 రూపాయలు కట్టాలి. 5 కోట్లకు పైబడిన అంతస్తులో ఇది తలకిందులవుతుంది. అక్కడ వడ్డీపై గరిష్ఠ ఉపాంత రేటు 39 శాతం. షేర్ల లాభంపై సర్‌ఛార్జి 15 శాతం దాటకూడదన్న నియమం వల్ల 14.95 శాతం. ఒకే 12.5 శాతం రేటు చిన్నవానికి అదనపు భారం, పెద్దవానికి రాయితీ. అనుపాత పన్నును పురోగామి శ్లాబుల పక్కన నిలబెడితే ఇలాంటి ఫలితం రావడంలో ఆశ్చర్యం లేదు. దీన్ని సరళీకరణ పేరుతో సమర్థించడమే ఆశ్చర్యం.

సమర్థనల పరిశీలన

మూలధన లాభాలపై తక్కువ రేటుకు చెప్పే కారణాలలో ప్రధానమైనది ద్విపన్ను వాదం. కంపెనీ తన లాభంపై అప్పటికే పన్ను కట్టింది. వాటాదారు వద్ద మళ్లీ వసూలు చేయరాదు అంటారు. వాదంలో పస ఉంది. అయితే 2020 నుండి డివిడెండును వాటాదారు చేతిలో పూర్తి శ్లాబు రేటుతోనే పన్నుకు గురిచేస్తున్నారు. డివిడెండు కూడా పన్ను కట్టిన లాభం నుండే వస్తుంది కదా! లాభాన్ని పంచితే ఒక రేటు, కంపెనీలోనే ఉంచి షేరు ధరను పెరగనిస్తే మరొక రేటు. తన వాదాన్ని చట్టమే నమ్మడం లేదన్నమాట.

రెండవది ద్రవ్యోల్బణ వాదం. లాభంలో కొంత భాగం రూపాయి విలువ తగ్గడం వల్ల కనిపించేదే కనుక రేటు తక్కువ ఉండాలంటారు. ఇది వడ్డీకి మరింత వర్తిస్తుంది. డిపాజిట్‌పై 7 శాతం వడ్డీ, 5 శాతం ద్రవ్యోల్బణం ఉన్నాయనుకుంటే, 31.2 శాతం పన్ను పోగా మిగిలేది 4.8 శాతం. అంటే నిజ విలువలో డిపాజిట్‌దారు నష్టపోతూనే, లేని లాభానికి పన్ను కడుతున్నాడు. వడ్డీకి ఇండెక్సేషన్ ఎన్నడూ లేదు. 2024లో దాన్ని ఇతర ఆస్తులకు తీసివేసినప్పుడు నిరసన వచ్చింది; ఆగస్టులో సవరణ చేసి, జులై 23కు ముందు కొన్న భూములు, భవనాల యజమానులకు మాత్రం పాత పద్ధతిని ఎంచుకునే అవకాశమిచ్చారు. బంగారానికి ఇవ్వలేదు. ఎవరి గొంతు వినపడిందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

షేర్లలో నష్టభయం ఉంది కాబట్టి ప్రోత్సాహం కావాలన్నది మూడవ వాదం. నష్టాన్ని పంచుకోదలిస్తే నష్టాల సర్దుబాటును ఉదారం చేయడం సూటి మార్గం. దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభంతో తప్ప సర్దుకోనివ్వని చట్టానికి ఈ వాదం నప్పదు.

వాయిదా వేసే హక్కు

రేట్లకన్నా లోతైన అసమానత మరొకటుంది. వడ్డీపై పన్ను ఏటా పడుతుంది. షేరు ధర పెరుగుదలపై అమ్మిననాడే పడుతుంది. ఎప్పుడు అమ్మాలో యజమాని ఇష్టం. 8 శాతం రాబడితో 10 లక్షలను 20 ఏళ్లు ఉంచితే, ఏటా 31.2 శాతం పన్ను కట్టే డిపాజిట్ సుమారు 29.2 లక్షలవుతుంది. పన్ను ప్రస్తుత రేటుతో చివరలో ఒకేసారి కట్టే షేరు సుమారు 42 లక్షలవుతుంది. షేరుకూ చివరలో 31.2 శాతమే వేసినా 35 లక్షలు దాటుతుంది. అంటే వాయిదా ఒక్కటే దాదాపు 6 లక్షలు మిగిల్చింది. కూర్చొని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. అమ్మకుండా కూర్చోగలిగినవానికి చట్టం ఆ కొండను పెంచిపెడుతున్నది. నగదు అవసరమైతే షేర్లను తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు. అప్పు ఆదాయం కాదు. ఆ లాభాన్ని నివాస గృహంలో పెట్టినా, నిబంధనలకు లోబడి 10 కోట్ల రూపాయల వరకు మినహాయింపు దొరుకుతుంది. వడ్డీతో మందులు కొనుక్కునేవారికి ఈ దారులేవీ లేవు. వృద్ధుల వడ్డీకి 2018లో ఇచ్చిన 50 వేల రూపాయల తగ్గింపు పాత విధానంలోనే ఉంది, కొత్తదానిలో లేదు.

ఒక విషయంలో మన చట్టాన్ని మెచ్చుకోవాలి. అమెరికాలో వారసునికి ఆస్తి మరణదినపు విలువతో సంక్రమిస్తుంది కాబట్టి అంతకుముందరి లాభం ఆదాయపు పన్నునుండి శాశ్వతంగా తప్పించుకుంటుంది. ఇక్కడ వారసుడు పూర్వ యజమాని కొన్న ధరనే మోస్తాడు. పన్ను మాఫీ కాదు, వాయిదా మాత్రమే.

అమరావతి మినహాయింపు

చట్టానికి మనిషి పరిస్థితిని చూడడం చేతకాదనలేం. అమరావతి భూసమీకరణలో భూమి ఇచ్చినవారికి 2017 ఆర్థిక చట్టం మూలధన లాభాల పన్ను మినహాయించింది. 2014 జూన్ 2 నాటికి యజమానులైన వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకే అది వర్తిస్తుంది; ఆ తరువాత లాభాపేక్షతో కొన్నవారికి వర్తించదు. రాజధాని రాకవల్ల భూమిని ఇచ్చిన రైతునూ, రాజధాని వార్త విని కొన్న వ్యాపారినీ చట్టం ఇక్కడ చక్కగా వేరుచేసింది. అయితే ఎకరం ఇచ్చినవానికీ, యాభై ఎకరాలు ఇచ్చినవానికీ మినహాయింపు ఒకటే, పరిమితి లేదు. పరిస్థితిని చూసిన కన్ను అంతస్తును చూడలేదు.

ప్రత్యామ్నాయం

అన్ని రకాల పెట్టుబడి ఆదాయాన్నీ మొత్తం ఆదాయంలో కలిపి, శ్లాబులను, రిబేటును ఒకే తీరుగా వర్తింపజేయాలన్నది నా ప్రతిపాదన. ద్రవ్యోల్బణ సర్దుబాటు ఇస్తే వడ్డీతో సహా అన్నింటికీ ఇవ్వాలి. లేదా దేనికీ ఇవ్వరాదు. దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. జీవితంలో ఒకే ఒక్కసారి ఇంటిస్థలం అమ్మిన సామాన్యుడు ఆ ఏడాది అత్యున్నత శ్లాబులో పడతాడు. ముప్పై ఏళ్లలో పెరిగిన విలువను ఒక్క ఏడాది ఆదాయంగా లెక్కించడం కూడా అన్యాయమే. లాభాన్ని ఉంచుకున్న సంవత్సరాలకు పంచి సగటు రేటు వేస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. లెక్కలు కొంత క్లిష్టమవుతాయన్నది నిజమే. కానీ క్రయవిక్రయాల వివరాలన్నీ పాన్ సంఖ్యతో ముడిపడి ఉన్న ఈ కాలంలో అది అసాధ్యం కాదు. అంతవరకు ఆగనవసరం లేని సవరణ మాత్రం ఒకటుంది: 12 లక్షల లోపు ఆదాయం గలవారికి మూలధన లాభాలపై కూడా రిబేటు ఇవ్వడం. అందుకు కొత్త రేట్లు అవసరం లేదు. 2025లో రిబేటుకు పెట్టిన ఆంక్షను తొలగిస్తే చాలు.