సింగిల్ కాయిల్ గుట్టు

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్‌లలో, పాట మొదలు కాకముందే పలికేది సింగిల్ కాయిల్. గిటార్‌ను ఆంప్‌కి తగిలించి తీగ ముట్టుకోకుండా ఊరికే పట్టుకున్నా స్పీకర్‌లోంచి గుయ్‌మని రొద వస్తుంది. ఆస్ట్రేలియాలో కరెంటు మన దగ్గరలాగే 50 హెర్ట్జ్‌ది కాబట్టి మెల్‌బోర్న్ పబ్‌లోనైనా, విజయవాడ వేదిక మీదైనా ఆ రొద ఒకటే: 50, దాని రెట్టింపు 100, ఆపైన మిగతా గుణిజాలు. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే పలికే స్వరం 98 హెర్ట్జ్. పక్కనే 100 దగ్గర రొద ఉంటే రెండూ ఒరుసుకుని సెకనుకు రెండుసార్లు ఊగుతాయి. శ్రుతి తప్పిన తంబురాను పక్కన పెట్టుకుని పాడినట్టన్నమాట. ఇంత ఇబ్బంది ఉన్నా గిటారిస్టులు దీన్ని దశాబ్దాలుగా ఎందుకు వదలడం లేదు? పాత వస్తువు మీద మోజు అనేయడం సులువు. కానీ సింగిల్ కాయిల్ విలువ ఆ రొదలోనూ లేదు, పాతదనంలోనూ లేదు. పేరులో ఉన్న ‘సింగిల్’ అనే అంకె కూడా సగం సంగతే చెబుతుంది. అసలు గుట్టు తీగను మితంగా చుట్టడంలో ఉంది. అందుకు మంచి సాక్ష్యాలు ఆస్ట్రేలియాలోనే దొరుకుతాయి.

ముందు వస్తువును దగ్గరగా చూద్దాం. ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) గిటార్ పికప్‌లో ఆరు తీగలకు ఆరు చిన్న అల్నికో అయస్కాంతపు కడ్డీలు ఉంటాయి. వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని, 0.063 మిల్లీమీటర్ల రాగి తీగ సుమారు ఎనిమిది వేల చుట్లు తిరుగుతుంది. పైన ఉక్కు తీగ కంపిస్తే కాయిల్‌లో కరెంటు పుడుతుంది. చుట్లు పెంచితే శబ్దం పెరుగుతుంది, నిజమే. దాంతోపాటు ఇండక్టెన్స్ (కరెంటు త్వరగా మారకుండా అడ్డుకునే గుణం) కూడా పెరుగుతుంది, అదీ ఇంచుమించు చుట్ల సంఖ్యకు వర్గంలా. చిక్కంతా అక్కడే. స్ట్రాట్ పికప్ ఇండక్టెన్స్ రెండు, రెండున్నర హెన్రీల మధ్య ఉంటుంది. గిటార్ నుంచి ఆంప్‌కి వెళ్లే ఐదు మీటర్ల కేబుల్‌కు 500 పికోఫారడ్‌ల దాకా కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి ఒకచోట శబ్దాన్ని పైకి లేపి, ఆపైన ఉన్నదాన్ని అణిచేస్తాయి. లెక్క కడితే ఆ శిఖరం 4,000 హెర్ట్జ్ దాటి వస్తుంది. మనిషి చెవి చాలా చురుగ్గా ఉండేది 2,000 నుంచి 5,000 లోపే. తీగను మీటిన చప్పుడు, గోరు తగిలిన జాడ, తీగకూ తీగకూ మధ్య ఎడం వినిపించేవి అక్కడే. గిబ్సన్ 1957లో తన గిటార్లకు పెట్టిన హంబకర్‌లో రెండు కాయిల్స్ ఎదురెదురుగా పనిచేసి రొదను కొట్టేస్తాయి. కానీ ఇండక్టెన్స్ దాదాపు రెట్టింపై, శిఖరం 3,000 చుట్టుపక్కలకు దిగుతుంది. అందుకే ఒకటి ఖంగుమంటుంది, రెండోది బొంగురుగా నిండుగా పలుకుతుంది.

అలాగైతే తేడా అంతా కాయిల్స్ లెక్కదే కదా అనిపిస్తుంది. ఆస్ట్రేలియా అనగానే లోకానికి గుర్తొచ్చే గిటార్ మోత 1973లో సిడ్నీలో పుట్టిన ఏసీ/డీసీది. అందులో ఆంగస్ యంగ్ చేతిలోని గిబ్సన్ ఎస్‌జీలో ఉన్నవి హంబకర్లే. మరి సింగిల్ కాయిల్‌కు అంత గొప్ప దేనికి అని ఎవరైనా అడిగితే న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆంగస్ అన్న మాల్కమ్ దగ్గర ఉంది. మాల్కమ్ తన గ్రెచ్ జెట్ ఫైర్‌బర్డ్‌లో మిగతా పికప్‌లు పీకేసి బ్రిడ్జ్ పక్కనున్న ఫిల్టర్‌ట్రాన్ ఒక్కదాన్నే ఉంచాడు. అదీ రెండు కాయిల్స్‌దే. కానీ దానికి గిబ్సన్ హంబకర్ కన్నా చుట్లు తక్కువ, ఇండక్టెన్స్ తక్కువ. ఎంత పెద్ద శబ్దంతో వాయించినా ఆయన కార్డ్‌లో ఒక్కో తీగా విడివిడిగా వినిపించడానికి కారణాల్లో ఇదొకటి. ఇక రెండో వైపు చూస్తే గిబ్సన్ వాళ్ల పీ-90 ఉంది. అది పక్కా సింగిల్ కాయిల్. అయినా పది వేల చుట్లు చుట్టడంతో గొంతు లావెక్కింది. రెండు కాయిల్స్ ఉన్నది తేటగా పలుకుతోంది, ఒకటే ఉన్నది మందంగా పలుకుతోంది. కనుక స్వరాన్ని నడిపేది కాయిల్స్ లెక్క కన్నా చుట్ల లెక్కే.

తీగ చుట్టడంలోనే గుట్టు ఉంటే ఈక్వలైజర్‌తో పై స్వరాలు పెంచుకుంటే పోలేదా అని ఇంకొక అభ్యంతరం. చాలావరకు సాధ్యమే, కానీ పూర్తిగా కాదు. ‘సింగిల్’ అనే అంకెకు నిజంగా విలువ ఉండేది ఇక్కడే. హంబకర్ తీగను సుమారు 19 మిల్లీమీటర్ల ఎడంలో రెండుచోట్ల వింటుంది. ఆ రెండుచోట్లా తీగ ఒకదానికొకటి ఎదురుగా కదిలితే శబ్దం పికప్‌లోనే చెల్లిపోతుంది. స్ట్రాట్ పొడవున్న గిటార్‌లో లావు తీగకు ఇది 2,800 హెర్ట్జ్ దగ్గర జరుగుతుంది. పుట్టని శబ్దాన్ని ఏ నాబ్ తిప్పినా పెంచలేం. సన్న తీగకు ఇదే 11,000 దాటాక గానీ జరగదు. గిటార్ స్పీకర్లు అంత పైకి పలకనే పలకవు కనుక అక్కడ తేడా తెలియదు. అంటే ఒకే చోట వినడం వల్ల లాభం ఉంది, అది మంద్రంలో ఎక్కువ.

ఇక అన్నిటికన్నా బలంగా వినిపించే వాదన ఒకటుంది: రొద కూడా ఆ గొంతులో భాగమే, తీసేస్తే ప్రాణం పోతుందని. దీన్ని పరీక్షించిన మనిషి క్వీన్స్‌ల్యాండ్‌కు చెందిన క్రిస్ కిన్‌మన్. అంతకుముందు వచ్చిన రొద లేని పికప్‌లలో ఒక కాయిల్ కింద దానిలాంటిదే మరొకటి పెట్టేవారు. రొద పోయేది, దానితోపాటు మెరుపూ పోయేది. కింది కాయిల్ తన ఇండక్టెన్స్‌ను కూడా తెచ్చి కలిపేది కదా. 1990లలో కిన్‌మన్ ఆ కింది కాయిల్‌కు ఇనుప జాతి లోహపు ఆసరా ఇచ్చి, తక్కువ చుట్లతోనే రొదను పట్టేలా చేశాడు. పై కాయిల్ చాలావరకు పాత పద్ధతిలోనే తీగను వింటుంది, అదీ ఒకే చోట. రొదే ప్రాణమైతే ఈ పని ఎప్పటికీ కుదరకూడదు. కుదిరినంత మేరా రొద వేరు, గొంతు వేరు అని తేలినట్టే. పాత పికప్‌కూ దీనికీ చెవికి తెలిసే తేడా ఇంకా ఉందనే వాళ్లున్నారు, ఉండవచ్చు. కానీ అది కొలిచి తగ్గించదగ్గ తేడా, మహిమ కాదు.

స్వరం వేళ్లలో ఉంటుంది, వస్తువులో కాదు అనేవాళ్లకు గిటారిస్టు హ్యాంక్ మార్విన్‌ను చూపించవచ్చు. 1960లో ‘అపాచీ’తో ఎర్ర స్ట్రాట్ గొంతును లోకానికి వినిపించిన ఆయన 1986లో పెర్త్‌లో స్థిరపడ్డారు. ఆంప్‌ను చీల్చకుండా, తేటగా, గాయకుడు పల్లవి అందుకున్నట్టు వాయించే పద్ధతి ఆయనది. బ్రిడ్జ్‌కు రెండు వేళ్లు దగ్గరగా మీటారా, దూరంగా మీటారా అన్నది కూడా తెలిసిపోతుంది. అవును, అది వేళ్ల గొప్పే. ఆ వేళ్లు చేసింది దాచకుండా చెప్పడం పికప్ గొప్ప. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించినప్పుడు మనం విన్నదీ ఇదే: చేయి, పరికరం ఒకదానికొకటి పోటీ కావు.

కాబట్టి పికప్ కొనబోయేటప్పుడు ఎన్నేళ్ల పాతది అని కాదు, ఎన్ని చుట్లది, ఇండక్టెన్స్ ఎంత అని అడగండి. అంతకన్నా ముందు ఇంట్లో ఉన్న కేబుల్‌ను కొలవండి. ఐదు మీటర్లకు బదులు పది మీటర్లది తగిలిస్తే, ఎంత మంచి సింగిల్ కాయిల్ శిఖరమైనా 3,100 హెర్ట్జ్ దగ్గరకు, అంటే హంబకర్ పక్కకు, దిగిపోతుంది.