‘చిజు’: మడతలలో హిరోషిమా - గ్రంథరూపకల్పనపై ఒక పరిశీలన

ఛాయాచిత్ర గ్రంథాలలో చిత్రకారుడే కర్త, గ్రంథరూపకర్త కేవలం అలంకర్త అనే అభిప్రాయం బలంగా ఉంది. జపాను ఛాయాచిత్రకారుడు కికుజి కవాదా గ్రంథం ‘చిజు’ (1965) ఆ అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కల్పిస్తుంది. ‘చిజు’ అంటే పటం. దీని రూపకర్త కొహెయి సుగియురా. ఇక్కడ రూపకల్పన అర్థాన్ని ఎట్లా నిర్మించిందో వివరించడం ఈ వ్యాసలక్ష్యం.

హిరోషిమాపై అణుబాంబు పడిన ఇరవయ్యేళ్లకు, 1965 ఆగస్టులో, ఈ గ్రంథం వెలువడింది. అణుబాంబు గుమ్మటంగా పేరొందిన శిథిలభవనంలోని మరకలు ఇందులో ప్రధానవస్తువు. వాటితోపాటు ఆత్మాహుతి వైమానికుల చిత్రపటాలు, నలిగిన జపాను జెండా, కోకా-కోలా సీసాలు, లక్కీ స్ట్రైక్ సిగరెట్ పెట్టె కనిపిస్తాయి. ఓడిన సామ్రాజ్యపు అవశేషాలు, గెలిచిన దేశపు సరుకులు ఒకే నలుపులో కలిసిపోతాయి.

కవాదా తొలుత సిద్ధం చేసుకున్న నమూనా రెండు సంపుటాలుగా ఉంది. అచ్చయిన గ్రంథం ఒకే సంపుటం. ఈ ఏకసంపుట రూపానికి ఆధారం మడత. పాఠకుడు పుట తిప్పితే సరిపోదు. ఎడమవైపు, కుడివైపు మడిచిన పుటలను విప్పాలి. విప్పినప్పుడు పైచిత్రం తొలగి లోపలిచిత్రం బయటపడుతుంది. ఒకదాన్ని చూడాలంటే మరొకదాన్ని పక్కకు నెట్టక తప్పదు. జ్ఞాపకం, మరపు అనే రెండు క్రియలను ఈ మడత పాఠకుని చేతికి అప్పగించింది.

భారతీయ కావ్యశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, మరక వాచ్యం, విధ్వంసం వ్యంగ్యం. మరక తానుగా హిరోషిమా పేరు చెప్పదు. ముందువెనుకల చిత్రాల సాన్నిధ్యం వల్లనే ఆ అర్థం స్ఫురిస్తుంది. ఆ సాన్నిధ్యాన్ని కల్పించినది పుటల అమరిక. కాబట్టి ఇక్కడ ధ్వనికి ఆశ్రయం చిత్రం మాత్రమే కాదు, గ్రంథశరీరం కూడా.

అయితే ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. మరణచిహ్నాలు ఇంత అందమైన నైరూప్యచిత్రాలుగా మారితే, బాధితుల వేదన కేవలం కళావస్తువుగా మిగలదా? ఈ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. మరకను విడిగా చట్రంలో బిగించి గోడకు తగిలిస్తే ఆ ప్రమాదం నిజంగానే ఉంది. గ్రంథంలో మాత్రం ఆ సౌందర్యం నిలకడగా ఉండదు. మరుసటి మడత విప్పగానే ఒక మృతయువకుని ముఖమో, ఒక సిగరెట్ పెట్టెయో ఎదురై ఆస్వాదనను భంగపరుస్తుంది.

కనుక సుగియురా కూర్పు చిత్రాలకు తొడిగిన ఆభరణం కాదు; వాటికి నైతికమైన అదుపు. ‘చిజు’ కర్తృత్వాన్ని నిర్ణయించేటప్పుడు కవాదా కంటితోపాటు సుగియురా మడతనూ లెక్కించవలసి ఉంటుంది.