‘ఐ నో కొరీడా’: తీర్పులు వచ్చాక మిగిలిన ప్రశ్న

జపాన్ దర్శకుడు నగీసా ఓషిమా 1976లో తీసిన ‘ఐ నో కొరీడా’ గురించి మన సంఘం పత్రికలో రాయడమేమిటని పాఠకులలో కొందరికి తోచవచ్చు. పిల్లలతో కలిసి చూడదగిన చిత్రం కాదని ముందే చెప్పేస్తున్నాము. కాని మన ఇళ్ళలో భోజనాల దగ్గర సినిమాల ప్రస్తావన వచ్చినప్పుడు ఈ పేరు వినబడితే చర్చ రెండు ముక్కల్లో తేలిపోతుంది. ‘అది కళాఖండం’ అంటారొకరు. ‘అది వట్టి బూతు’ అంటారింకొకరు. ఇంతకాలంగా విమర్శకులు చేసిన వాదన కూడా చాలావరకు ఇంతే. ఈ రెండు మాటల మధ్య జారిపోయిన సంగతి ఒకటుందని మా అభిప్రాయం.

కథ నిజంగా జరిగినది. 1936 మే నెలలో టోక్యోలో సదా ఆబే అనే స్త్రీ, తాను పనిచేసిన హోటలు యజమాని కిచిజో ఇషిదాను గొంతు బిగించి చంపింది. అతని దేహంలో ఒక భాగాన్ని కోసి తన వెంట తీసుకుపోయింది. రెండు రోజులకు పోలీసులకు చిక్కింది. ఆరేళ్ళ శిక్ష పడింది, 1941లో విడుదలైంది. 1936 ఫిబ్రవరి 26న సుమారు 1,400 మంది సైనికులు తిరగబడి టోక్యో నడిబొడ్డును ఆక్రమించారు. ఆ తిరుగుబాటు అణగిపోయినా సైన్యం పట్టు ఇంకా బిగిసింది. అలాంటి ఏడాదిలో ఈ జంట లోకాన్ని బయటకు నెట్టి ఒక గదిలో తలుపు వేసుకుంది.

జపాను భాషలో ఈ చిత్రం పేరుకు ‘ప్రేమ అనే ఎద్దుల పోరు’ అని అర్థం. ఇంగ్లీషులో ‘ఇన్ ది రెల్మ్ ఆఫ్ ది సెన్సెస్’ అన్నారు. నటీనటులు నటించినట్టు చూపకుండా రతిని నిజంగానే చూపించడం దీని ప్రత్యేకత, దీని మీద వచ్చిన గొడవకు కారణమూ అదే. జపాను శిక్షాస్మృతి 175వ నిబంధన ఇలాంటి వాటిని నిషేధిస్తుంది. అందుచేత ఓషిమా, ఫ్రెంచి నిర్మాత అనతోల్ దోమాన్ కలిసి ఒక ఉపాయం చేశారు. ముడి ఫిల్ము ఫ్రాన్సు నుంచి తెప్పించి, క్యోటోలో చిత్రీకరించి, కడగని నెగటివును తిరిగి ఫ్రాన్సుకు పంపి, అక్కడే కడిగించి కూర్పు చేయించారు. కాగితాల మీద అది ఫ్రెంచి చిత్రమైంది.

తరువాత జరిగినది కోర్టుల చరిత్ర. 1976లో కాన్ ఉత్సవంలో దర్శకుల విభాగంలో జనం విరగబడి చూశారు. అదే ఏడాది న్యూయార్కు ఉత్సవంలో కస్టమ్సు అధికారులు అడ్డుపడి ప్రదర్శన ఆపించారు, ఆ చర్య చెల్లదని తరువాత కోర్టు చెప్పింది. బ్రిటన్‌లో క్లబ్బు ప్రదర్శనలతో సరిపెట్టుకుని, 1991 దాకా మామూలు సర్టిఫికెట్టు కోసం ఆగవలసి వచ్చింది. జపానులో కోతలతో, మసకలతో విడుదలైంది. 2000లో మళ్ళీ వచ్చినప్పుడు కోతలు తగ్గాయి గాని మసకలు పూర్తిగా తొలగలేదు. చిత్రం స్క్రిప్టునూ కొన్ని ఫొటోలనూ పుస్తకంగా వేసినందుకు ఓషిమా మీద అశ్లీలం కేసు పెట్టారు. దాచినదే అశ్లీలమౌతుంది గాని, బయటపెట్టినది కాదని ఆయన వాదించారు. 1979లో నిర్దోషి అని తీర్పు వచ్చింది, 1982లో పై కోర్టు దాన్ని ఖాయపరచింది. 175వ నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు.

చిత్రాన్ని సమర్థించిన విమర్శకులు ఎక్కువగా రాజకీయాన్ని ఆసరా చేసుకున్నారు. వారికి అండగా ఒక దృశ్యం ఉంది. కిచిజో మంగలి దగ్గర నుంచి తిరిగి వస్తుంటాడు. వీధిలో సైనికులు బారులు తీరి ఎదురుగా నడుస్తుంటారు. జనం జెండాలు ఊపుతుంటారు. అతను తల వంచుకుని, గోడ వారగా, వాళ్ళకు ఎదురు దిశలో పోతాడు. మాట లేదు, వ్యాఖ్యానం లేదు. రెండున్నర గంటల ఉపన్యాసం చెప్పలేనిది అక్కడ కనిపిస్తుంది. కాని ఈ ఒక్క దృశ్యాన్ని పట్టుకుని చిత్రమంతా యుద్ధ వ్యతిరేక చిత్రమని తేల్చేస్తే, మిగిలిన దృశ్యాలను మర్యాద కోసం పక్కకు నెట్టినట్టే అవుతుంది. అమెరికన్ పండితురాలు లిండా విలియమ్స్ 2008లో వెలువరించిన పుస్తకంలో ఒక అధ్యాయం దీనికే కేటాయించి, తెర మీది శృంగారాన్నే విషయంగా తీసుకుని చర్చించారు. ఆ దారి నిజాయితీ గల దారి.

అలా చూస్తే ఓషిమా శిల్పం స్పష్టమౌతుంది. గది రానురాను ఇరుకవుతుంది. ఎర్ర రంగు చిక్కబడుతుంది. షామిసెన్ తీగల మీద పాట సాగుతుండగానే కోరిక ఆకలిలా, ఆకలి అలసటలా మారుతుంది. గాలి ఆడని ఆ గదిని ఊడ్వడానికి కూడా పనివాళ్ళు ఇష్టపడరు. మన లాక్షణికుల మాటల్లో చెప్పాలంటే శృంగారం బీభత్సంలోకి నడిచే దూరాన్ని అడుగడుగునా కొలిచి చూపించాడు. చూసేవాణ్ణి రెచ్చగొట్టడమే పనిగా పెట్టుకున్న సినిమా ఈ అలసటను చూపదు. కాబట్టి ‘వట్టి బూతు’ అన్నవారి మాట నిలవదు.

ఇక ‘కళాఖండం’ అన్నవారికి మా ప్రశ్న. ఆ గదిలోకి పళ్ళెం పట్టుకుని వచ్చే పనిమనుషుల ఇష్టాయిష్టాలను ఈ చిత్రం ఎక్కడైనా లెక్కపెట్టిందా? వారి మీద జరిగే బలవంతాన్ని నవ్వులాటగా దాటేస్తుంది. కిచిజో భార్య మొదట్లో కనబడి, తరువాత మరుగున పడిపోతుంది. కట్టుబాట్లు తెంచుకున్న జంట స్వేచ్ఛకు కింది మెట్టు మీది ఆడవాళ్ళు మూల్యం చెల్లించారు. ఆ సంగతి విమర్శకులలో ఎందరికో కనబడలేదు.

తెర వెలుపల కూడా అదే జరిగింది. ఓషిమాకు 1978లో కాన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. నాయకుడు తత్సుయా ఫుజీ దశాబ్దాల పాటు నటిస్తూనే ఉన్నాడు. 2023లో శాన్ సెబాస్టియన్ ఉత్సవంలో ఉత్తమ నటన బహుమతి అందుకున్నాడు. అదే గదిలో, అదే కెమెరా ముందు, అంతే ధైర్యంతో నటించిన ఏకో మత్సుదా స్వదేశంలో నిందలు మోసింది. ఆమె సినీ జీవితం 1980ల తొలి ఏళ్ళతోనే ముగిసింది. 2011లో కన్నుమూసింది. దర్శకుడి విషయంలో సాహసమైనది, నటి విషయంలో సిగ్గుమాలినతనమైంది.

ఇది జపానువారి తప్పని మనం చేతులు దులుపుకోనక్కరలేదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో మళ్ళీ అచ్చు వేయిస్తే అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా అది తొలగలేదు. మగకవులు రాసిన శృంగారాన్ని ప్రబంధాలుగా చదువుకున్న పెద్దలకే, ఆడది రాసేసరికి అది చెవిని పెట్టరానిదైంది. కొలబద్ద ఒకటే, పట్టుకున్న చేతులు వేరు.

ఓషిమాను కోర్టుకు ఈడ్చడం అన్యాయమే, ఆయన గెలవడం మంచిదే. ఒక చిత్రం కళ అవునా కాదా అన్నది చర్చలో సగం మాత్రమే. అది కళ అయ్యేందుకు ఎవరు ఏమిచ్చారు, వారికి తిరిగి ఏమి దక్కింది అన్నది మిగిలిన సగం. ఈ చిత్రం ఎక్కడైనా ప్రదర్శనకు వస్తే పెద్దలు చూడవచ్చు, చూడదగినదే. బయటకు వచ్చాక ఓషిమా పేరుతో పాటు ఏకో మత్సుదా పేరు కూడా చెప్పుకోవాలని మా మనవి.