తెడ్డు పట్టిన పండితులు

శ్రీనగర్‌లోని మిషన్ బడిలో ఫీజుల లెక్క వింతగా ఉండేది. ఒక ఈడు దాటినా ఈత రాని కుర్రాడికి ఫీజు పెరిగేది. నేర్చుకోకుండా నాన్చేకొద్దీ ఇంకా పెరిగేది. కొడుకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని మహారాజు కొలువులో గుమాస్తా అయితే చాలనుకున్న తండ్రికి ఈ లెక్క ఎలా మింగుడుపడుతుంది? హెడ్‌మాస్టరు దొర మాత్రం మెట్టు దిగలేదు. ఊరి నడుమ ఝీలం నది, చుట్టూ కాలువలు, పక్కనే దాల్ సరస్సు. ఇన్ని నీళ్ల మధ్య బతికే ఊళ్లో మనిషి మునిగిపోతుంటే ఒడ్డున నిలబడి అరిచేవాళ్లే గానీ దూకేవాళ్లు లేరని ఆయన బాధ. పరోపకారం గురించి ఎన్ని ప్రసంగాలు చేసినా కదలని తండ్రులు జేబుకి చిల్లు పడేసరికి కదిలారు. పిల్లలు నీళ్లలో దిగారు.

ఆ హెడ్‌మాస్టరు పేరు సెసిల్ ఎర్ల్ టిండేల్ బిస్కో. చర్చ్ మిషనరీ సొసైటీ పంపిన ఆంగ్లికన్ పాస్టరు. 1863లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో కలిగిన ఇంట పుట్టాడు. బ్రాడ్‌ఫీల్డ్ కాలేజీ అనే హాస్టలు బడిలో పెద్ద కుర్రాళ్ల చేతుల్లో నానా అగచాట్లూ పడ్డాడు. చదువు అంతంతమాత్రం. మనిషి పొట్టి, బరువు తక్కువ. కేంబ్రిడ్జికి వెళ్లాక ఆ బక్కతనమే కలిసొచ్చింది. 1884లో థేమ్స్ నది మీద ఆక్స్‌ఫర్డ్‌ని ఓడించిన కేంబ్రిడ్జి పడవకి చుక్కాని పట్టింది ఆయనే. 1890లో శ్రీనగర్ చేరాడు. 1947 దాకా ఆ ఊరే ఆయన ఊరు, ఆ బడే ఆయన బతుకు.

వెంట తెచ్చుకున్న పద్ధతి ఆయన కనిపెట్టిందేం కాదు. రగ్బీ బడికి హెడ్‌మాస్టరుగా చేసిన థామస్ ఆర్నాల్డ్, ఆయనా పాస్టరే, పాఠాలకన్నా నడవడి ముఖ్యమని పట్టుబట్టాడు. 1857లో వచ్చిన ‘టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్’ నవలతో ఆ బడి పేరు ఇంగ్లండంతా మారుమోగింది. తరవాతి తరం హెడ్‌మాస్టర్లు ఆ నడవడిని ఆటస్థలంలోకి లాక్కొచ్చారు. ఒంట్లో సత్తువ ఉంటేనే మనసులో తెగువ ఉంటుందని, జట్టులో ఆడినవాడికే నలుగురి కోసం నిలబడటం తెలుస్తుందని నమ్మారు. సామ్రాజ్యానికి కలెక్టర్లనీ కల్నల్స్‌నీ తయారుచేసి పంపింది ఈ బళ్లే. ఏలేవాళ్ల పిల్లల కోసం పుట్టిన ఈ చదువుని బిస్కో ఏలుబడిలో ఉన్నవాళ్ల పిల్లలకి పెట్టాడు. అదీ ఎవరికి? చేత్తో పని చేయడమే నామోషీ అనుకునే కశ్మీరీ పండిట్ల పిల్లలకి.

అప్పుడు బడిలో ఎక్కువమంది వాళ్లే. మెడ నుంచి చీలమండల దాకా వేలాడే ఫిరన్ అంగీ, చలికాలమైతే దాని లోపల నిప్పుల కుండ కాంగ్రీ. అలా ముడుచుకుని కూర్చుని వల్లెవేయడమే వాళ్లకి చదువు. పరిగెత్తడం, బరువు మోయడం, పడవ నడపడం చిన్నకులాల పని. తెడ్డు పట్టుకుంటే హాంజీల్లో, అంటే పడవవాళ్లలో, కలిసిపోయినట్టే. బిస్కో దీన్ని ఒట్టి సోమరితనం కింద కొట్టేశాడు. నాకు మాత్రం ఇందులో భయం కూడా కనిపిస్తుంది. ఆ రోజుల్లో కశ్మీర్ రైతుని రాజ్యం బేగార్‌కి పట్టుకుపోయేది. కూలి లేకుండా మూటలు మోయించేది. పండిట్లకి ఆ పీడ లేదు. బేగార్ అంటే ఏమిటో వెట్టిని చూసిన తెలంగాణకి విడమరచి చెప్పక్కర్లేదు. మూట మోసేవాడికీ మోయనక్కర్లేనివాడికీ మధ్య అంత లోతు గొయ్యి ఉన్నచోట, వీపు వంచితే ఏ పక్కకి పడతామో అనే బెదురు ఉండదూ!

1891లో బిస్కో పెళ్లి చేసుకుని భార్యతోపాటు ఒక ఫుట్‌బాల్ కూడా తెచ్చాడు. శ్రీనగర్ కుర్రాళ్లు అలాంటిది చూడటం అదే మొదలు. ఇదేమిటి అని అడిగారు. ఆడితే డబ్బులొస్తాయా అని అడిగారు. రావని తెలిశాక ఆసక్తి పోయింది. దేనితో చేశారని అడిగి, తోలు అని వినగానే మైల వస్తువు, అవతల పెట్టమన్నారు. సాయంత్రం బడి వదిలే వేళకి ఉపాధ్యాయులు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లూ బ్రాహ్మణులే. పిల్లల్ని గొర్రెల మందలా వీధుల వెంట మైదానానికి తోలుకెళ్లారు. రెండు జట్లుగా నిలబెట్టారు. బంతి మధ్యలో ఉంది. తన్నమంటే ఎవరూ కదల్లేదు. బిస్కో గడియారం తీసి ఐదు నిమిషాలు గడువిచ్చాడు. గడువు తీరింది, కర్రలు లేచాయి. అప్పుడు కదిలారు. పావుకోళ్లు గాల్లోకి ఎగురుతున్నాయి, తలపాగాలు ఊడిపోతున్నాయి, ఫిరన్‌లు ఒకరి మొహానికి ఒకరివి కొట్టుకుంటున్నాయి. బంతికి తగిలిన తన్నుల కన్నా గాలికి తగిలినవే ఎక్కువ. ఇంతలో బురద బంతి వచ్చి ఒక కుర్రాడి మూతి మీద తగిలింది. ఆట ఆగిపోయింది. వాడు ఏడుస్తున్నాడు, మొహం తుడుచుకోవడానికి లేదు. తుడిస్తే చేతికీ మైల. ఏం చేయమంటారని అందరూ హెడ్‌మాస్టరు చుట్టూ మూగారు. కాలవకి తీసుకెళ్లి కడిగించమన్నాడు. కడిగించి తెచ్చారు. ఆట మళ్లీ మొదలైంది.

ఈ కథని బిస్కో జీవితాంతం నవ్వుతూ చెప్పుకున్నాడు. నాకు అంత నవ్వు రాదు. కర్ర చూపించి ఆడించిన ఆటని ఆట అనాలా? అయినా ఆయన ఎత్తుగడ మొత్తం ఇందులోనే ఉంది గనక దీన్ని దాటి పోలేం. మైల ఉందా లేదా అని ఆయన వాదనకి దిగలేదు. దిగితే శాస్త్రం వచ్చిన పండితుల ముందు గెలిచేవాడు కూడా కాదు. ముందు పని జరిగిపోవాలి, ఆకాశం విరిగి పడలేదని పిల్లవాడు తన కళ్లతో చూసుకోవాలి. వాదన ఆ తరవాత. అది కూడా బడి చేసేది కాదు, పిల్లవాడు ఇంట్లో అమ్మానాన్నలతో చేసుకునేది.

రెండో ఎత్తు ఉపాధ్యాయుల మీద. పిల్లలు చేయాల్సింది ఏదైనా వాళ్లు ముందు చేయాలి. ఈతా బాక్సింగూ పడవా అన్నీ. తండ్రి వయసున్న పండితుడు పంచె ఎగ్గట్టి నీళ్లలో దిగాక కుర్రాడు చెప్పడానికి సాకేం మిగులుతుంది? ఇలా మొదలైనవాళ్లు ఊలర్ సరస్సుని ఈది అవతలి ఒడ్డుకి చేరేదాకా వెళ్లారు. ఊలర్ అంటే పడవవాళ్లకే హడల్. మధ్యాహ్నం గాలి లేస్తే అలలు పడవల్ని తిరగేస్తాయి. దాల్ మీద బడిపడవల పందేలు ఊరికి పండగయ్యాయి. బడి గుర్తు కూడా పడవ నుంచే వచ్చింది. అడ్డంగా పెట్టిన రెండు తెడ్లు, కింద ‘అన్నింటా మగవాళ్లుగా నిలవండి’ అనే నినాదం. తెడ్డు కాడ బలానికి, హృదయం ఆకారంలో ఉన్న తెడ్డు రెక్క దయకి, ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం త్యాగానికి గుర్తని పిల్లలకి చెప్పేవారు. బలం ఒక్కటే చాలనుకునే హెడ్‌మాస్టర్లు ఇంగ్లండులో బోలెడుమంది ఉండేవారు. బలం పక్కన దయని కూడా నిలబెట్టడం బిస్కో సొంతంగా చేర్చింది. హాస్టల్లో దెబ్బలు తిన్న పిల్లాడు పెద్దయి బడి నడిపితే అలా ఉంటుందేమో.

ఇక మార్కుల పట్టీ. నన్నడిగితే ఈ బడిలో అన్నిటికన్నా తెలివైన పనిముట్టు అదే. మార్కుల్ని మూడు భాగాలు చేశాడు. బుద్ధికి ఒక వంతు, ఒంటికి ఒక వంతు, నడతకి ఒక వంతు. లెక్కలూ ఇంగ్లీషూ వచ్చినవాడికి మొదటి వంతులోనే మార్కులు. మిగతావి ఈతలో, కసరత్తులో, తోటివాళ్లతోనూ ఊరివాళ్లతోనూ మెలిగే తీరులో తెచ్చుకోవాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. పుట్టుకతోనే బలంగా ఉన్నవాడికి గొప్ప మార్కులు రావాలని లేదు. బక్కవాడు ఎంత ప్రయత్నించాడన్నది చూసేవారు. విడివిడిగా బహుమతులివ్వడం ఆయనకి గిట్టదు, గెలుపు జట్టుది కావాలి. ఒకటో ర్యాంకు ఫొటోలతో ఊరంతా ఫ్లెక్సీలు కట్టుకునే మనకి ఈ పట్టీ వేరే లోకం నుంచి వచ్చినట్టుంటుంది. అయితే ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి: ఆ కాలంలో ప్రభుత్వ ఉద్యోగం కావాల్సిన కుర్రాడికి పనికొచ్చేది ఆ మొదటి వంతే. తండ్రుల గొణుగుడు ఉత్త మొండితనమేం కాదు.

మూడో వంతు మార్కులు తరగతి గదిలో దొరికేవి కావు. శ్రీనగర్ ఇళ్లు ఎక్కువగా కర్రవి. ఒకటి అంటుకుంటే వీధి వీధంతా బూడిద. బడి దగ్గర చేతిపంపులుండేవి, అగ్గి చూడగానే పిల్లలు పరిగెత్తేవారు. మొదట్లో జనం వాళ్లని చూసి నవ్వారు. కలరా వచ్చినప్పుడు పండిట్ల కుర్రాళ్లు పారలు పట్టుకుని సందుల్లో మురుగు ఎత్తారు. ఇది ఫుట్‌బాల్‌ని మించిన దెబ్బ. వరదలొస్తే పడవలేసుకుని వెళ్లి మిద్దెల మీద చిక్కుకున్నవాళ్లని దింపారు. చలికాలంలో యజమానులు వీధిలోకి వదిలేసిన గాడిదల్ని బడికి తోలుకొచ్చి మేపారు. మిషన్ ఆసుపత్రిలో కోలుకుంటున్న రోగుల్ని పడవల్లో దాల్ మీద తిప్పేవారు. ఈ చివరిది నాకు బాగా నచ్చుతుంది. పడవలో కూర్చున్న రోగి ముస్లిం నేతగాడో రైతో అయ్యుంటాడు. తెడ్డు వేసేవాడు పండితుడి కొడుకు.

మంచి ఇంత ఉందని మిగతాది మరిచిపోలేం. 1920లో వచ్చిన ‘క్యారెక్టర్ బిల్డింగ్ ఇన్ కశ్మీర్’ అనే ఆయన పుస్తకం పేరులోనే అహంకారం ఉంది. కశ్మీరీలకి నడవడి లేదని, దాన్ని తాను కట్టి ఇస్తున్నానని. పిల్లల్ని వర్ణించేటప్పుడు ఆయన రాతలో వెటకారం హద్దు దాటుతుంది. పిరికివాళ్లు, అబద్ధాలకోర్లు అని జాతి మొత్తానికీ ముద్ర వేస్తాడు. పఠాన్లు, సిక్కులు, డోగ్రాలు వరసగా ఏలిన ఊళ్లో నిజం చెప్పినవాడికి ఏం ఒరిగింది, తలవంచినవాడు ఎలా బతికాడు అనే లెక్క ఆయన తీయలేదు. అదే కాలంలో భూమి శిస్తు సవరించడానికొచ్చిన వాల్టర్ లారెన్స్ కూడా దొరే. ఆయన మాత్రం రైతు దగ్గర కూర్చుని, ఆ బెరుకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుని రాశాడు. బిస్కోకి ఆ ఓపిక లేదు. ఆయన కళ్లకి మగతనం అంటే ఇంగ్లీషు హాస్టలు కుర్రాడే.

మన బందరు పాఠకులకి ఈపాటికి రాబర్ట్ నోబుల్ గుర్తొచ్చి ఉంటాడు. ఆయనా కేంబ్రిడ్జివాడే, ఆయనా అదే సొసైటీ పంపిన పాస్టరే. 1841లో వచ్చి, ముందు తెలుగు నేర్చుకుని, 1843లో బందరులో బడి తెరిచాడు. పెళ్లి చేసుకోలేదు. ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లకుండా 1865లో అక్కడే కన్నుమూశాడు. నోబుల్ దారి వేరు. పై కులాలవాళ్లు దూరం కాకూడదని కింది కులాల పిల్లల్ని బడిలో చేర్చుకోలేదు. కులం జోలికి పోకుండా చదువు చెబుతూ, ఆ చదువు నుంచే మతం మార్పు వస్తుందని కాచుకున్నాడు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకునేసరికి బడి ఒక్కసారిగా ఖాళీ అయింది. బిస్కో సరిగ్గా తిరగేసి నడిచాడు. మతం మార్పు జోలికి పెద్దగా పోలేదు, కులాచారాన్ని మాత్రం రోజూ గిల్లాడు. యాభై ఏళ్లలో ఆ బడిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. పంపిన సొసైటీకి ఇది నచ్చలేదు. ఊళ్లోవాళ్లకేమో కులాచారాన్ని గిల్లడం నచ్చలేదు. 1905లో అనీ బిసెంట్ పూనికతో శ్రీనగర్‌లో హిందూ కాలేజీ వెలిసినప్పుడు పిల్లలూ పంతుళ్లూ చాలామంది అటు మళ్లారు. బిస్కో బడి కుదేలైంది, మళ్లీ నిలదొక్కుకుంది.

నిలబెట్టింది ఎవరంటే ఆ బడిలో చదివి అక్కడే పంతుళ్లయిన కశ్మీరీలు. బిస్కో కథలు చెప్పేవాళ్లు ఎక్కువగా బిస్కో దగ్గరే ఆగిపోతారు, వీళ్ల దాకా రారు. దొర ఇంగ్లండుకి సెలవు మీద వెళ్లినా, జబ్బు పడినా బడి నడిచింది వీళ్ల వల్లే. వెలివేతలు భరించింది వీళ్లే. ఆయనకి ఊరు వదిలి వెళ్లే వెసులుబాటుంది, వీళ్లకి లేదు. వాళ్లలో శంకర్ కౌల్ అనే ఆయన బడికి పెద్దదిక్కయ్యాడు. పండిట్ల ఇళ్లలో బాలవితంతువులకి మళ్లీ పెళ్లిళ్లు చేయించే పని ఈ పంతుళ్లు తలకెత్తుకున్నారు. పడవ పందెంలో గెలవడానికి పనికొచ్చే ధైర్యం ఇక్కడ చాలదు. సొంత మేనమామలతో, పురోహితుడితో, పక్కింటివాళ్లతో తలపడాలి. అటు ఆడపిల్లల మిషన్ బడి కూడా నిలదొక్కుకుంది. దాన్ని పెంచిన మిస్ మాలిన్సన్ పేరే తరవాత ఆ బడికి స్థిరపడింది. ‘మగవాళ్లుగా నిలవండి’ అన్న బడి పక్కనే ఆడపిల్లలు కూడా ఆటలకీ ఈతకీ దిగారు.

1947లో బిస్కో దంపతులు కశ్మీర్ వదిలి ఆఫ్రికాలోని దక్షిణ రొడీషియాకి వెళ్లిపోయారు. 1949లో అక్కడే ఆయన పోయాడు. శ్రీనగర్ షేక్ బాగ్‌లో ఆయన పేరుతో ఉన్న బడిలో ఇప్పుడు చదివేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం పిల్లలు. బడి గుర్తులో తెడ్లు అలాగే ఉన్నాయి.